రోటి పచ్చడిలో రోలు కనబడాలి: తెలుగు పాఠ్యపుస్తకాలు రాసే పెద్దలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన పాఠ్యపుస్తక రచయితలకు, సంపాదకులకు, ప్రశ్నపత్రాలు కూర్చే పెద్దలకు,

నమస్కారం. నేను 22 ఏళ్ళుగా ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో తెలుగు చెబుతున్నాను. కిందటి ఏడాది ఆరో తరగతి పిల్లలకు 'రోటి పచ్చడి' అనే మాట ఇచ్చి సొంత వాక్యం రాయమన్నాను. ఒక పిల్లవాడు "అమ్మ రోటీలో నంజుకోవడానికి రోటి పచ్చడి చేసింది" అని రాశాడు. పక్క బల్ల మీద ఇంకో ఇద్దరిదీ ఇంచుమించు అదే వాక్యం. పిలిచి అడిగితే, "రోటీ అంటే చపాతీలాంటిదే కదా సార్, దానిలోకి చేసే పచ్చడి కాబట్టి రోటి పచ్చడి" అన్నాడు. వాడి ఆలోచనలో తప్పు పట్టడానికి నాకేమీ కనబడలేదు. హోటల్ బోర్డు మీద రోటీ అనే మాట వాడు రోజూ చూస్తున్నాడు. రోలు వాళ్ళ ఇంట్లో లేదు, వాడి పుస్తకంలోనూ లేదు.

అదే పిల్లవాడు అంతకు వారం ముందు మూర్తనామం నిర్వచనాన్ని తడబడకుండా అప్పజెప్పాడు. పంచేంద్రియాలతో తెలుసుకోగలిగిన వస్తువుల పేర్లు మూర్తనామాలు, మనసుతో మాత్రమే తెలుసుకోగలిగేవి అమూర్తనామాలు. ఉదాహరణలు బల్ల, కుర్చీ, పుస్తకం, పెన్ను. నేను పూర్తి మార్కులు వేశాను. వస్తువు పేరు అంటే ఏమిటో నిర్వచించగలిగిన పిల్లవాడికి ఒక వస్తువు పేరు కళ్ళముందే వంగి నిలబడితే గుర్తుపట్టడం రాలేదు. ఈ లేఖ అందుకోసం.

మూర్తం, అమూర్తం అనే విభజన మన బడుల్లోకి చాలావరకు ఇంగ్లీషు వ్యాకరణ పాఠంలోంచి వచ్చింది. 'కాంక్రీట్ నౌన్' అని అక్కడ నేర్చుకున్న పిల్లలు తెలుగు పీరియడ్‌లో దానికి తెలుగు పేరు అడుగుతారు. అడగడం మంచిదే. ఒకసారి ఒక అమ్మాయి కాంక్రీట్ నౌన్లకు ఉదాహరణలుగా వంతెన, రోడ్డు, మేడ, నీళ్ళ ట్యాంకు అని రాసుకొచ్చింది. కాంక్రీటుతో కట్టినవన్నీ ఏరి తెచ్చింది! ఆ రెండు కాంక్రీట్లూ ఒకే లాటిన్ మాటలోంచి పుట్టాయని, దానికి కలిసి పెరిగి గట్టిపడినది అని అర్థమని చెప్పాను. యూరప్ తర్కశాస్త్రంలో మొదట 'తెల్లనిది' అంటే కాంక్రీటు, 'తెల్లదనం' అంటే దానికి ఎదురు మాట. ముట్టుకోవడం, ముట్టుకోలేకపోవడం అనే పరీక్ష తరువాత వచ్చి స్థిరపడింది. ఈ నాలుగు వాక్యాలు వినడానికి తరగతికి అయిదు నిమిషాలు పట్టింది. ఆ పదానికీ తమకూ ఉన్న దూరం పిల్లలకు కొంత తగ్గింది.

మొదట సరిదిద్దవలసినది చిన్న విషయమే, కానీ ఏటా వందల మార్కులు దాని మీద పోతున్నాయి. నా చేతికి వచ్చిన అభ్యాస పుస్తకాల్లో నామవాచకాల రకాలను వరసగా అచ్చు వేస్తారు: సంజ్ఞా, జాతి, సముదాయ, ద్రవ్య, భావ నామాలు, ఆరోది మూర్తనామం. ఆ తరువాత 'గోదావరి' ఎదురుగా ఒకటే గడి. అందులో సంజ్ఞ అని రాసిన పిల్లకు మార్కు, మూర్తం అని రాసిన పిల్లకు సున్నా. మూర్తం అనేది మిగిలిన వాటి పక్కన పెట్టవలసిన గడి కాదు, వాటికి అడ్డంగా వెళ్ళే గీత. గోదావరి సంజ్ఞ, మూర్తం కూడా. నది జాతి, మూర్తం కూడా. నీరు ద్రవ్యం, మంద సముదాయం, ఈ రెండూ మూర్తాలే. ఒక మనిషి రైతూ అయి ఉంటాడు, తండ్రీ అయి ఉంటాడు. రెండింటిలో ఒకటే ఎంచుకోమంటే ఏ బిడ్డ మాత్రం ఏం చెబుతుంది?

రెండోది గాలి సంగతి. ఒక ప్రశ్నపత్రంలో 'బండి, కొండ, గాలి, చెట్టు: వీటిలో అమూర్తనామం ఏది?' అని అడిగి, జవాబు గాలి అని ఇచ్చారు. ఏ పత్రమో, ఎవరు కూర్చారో చెప్పడం నా ఉద్దేశం కాదు. మా తరగతిలో ఒక అమ్మాయి ఆ ప్రశ్నకు జవాబు రాయకుండా వదిలేసింది. కారణం అడిగాను. "గాలి అమూర్తం ఎట్లా అవుతుంది సార్? మా నాన్న కందులు తూర్పారబట్టేటప్పుడు గాలి రాకపోతే చేట పట్టుకుని అలాగే నిలబడి ఉంటాడు. వచ్చిందంటే పొట్టంతా అటు కొట్టుకుపోతుంది, గింజలు ఇటు పడతాయి" అంది. చేట ఎంత ఎత్తుకు లేపుతారో, ఏ వైపు తిరిగి నిలబడతారో చేతులతో చూపించింది. గాలి ఒంటికి తగులుతుంది, పొట్టును మోసుకుపోతుంది, చెవిలో హోరుమంటుంది. కంటికి కనబడకపోవడం ఒక్కటే దాని నేరం. అయిదు ఇంద్రియాలు అని నిర్వచనంలో రాసి, పరీక్షలో ఒక్క కంటినే సాక్షిగా పిలిస్తే వాసన, ఉరుము, ఉక్కపోత, చలి అన్నీ అమూర్తాల్లోకి పోతాయి. ఆ అమ్మాయికి రావలసిన మార్కు రాలేదు. జవాబుల పట్టిక దాటి మార్కు వేసే అధికారం నాకు లేదు.

అసలు విషయానికి వస్తాను. మూర్తం, అమూర్తం అనే గీతను తెలుగు భాష ఎక్కడైనా గీసిందా? గీస్తే ఎక్కడ? ఈ ప్రశ్న మన పాఠాల్లో నాకు ఎక్కడా ఎదురుపడలేదు. వ్యాకరణ పాఠమంటే ఈ ప్రశ్నే అని నా నమ్మకం.

మన పూర్వులు నామాలను వేరేవిధంగా చూశారు. పతంజలి తన సంస్కృత వ్యాకరణ గ్రంథమైన మహాభాష్యంలో శబ్దాలను జాతి, గుణం, క్రియ, యదృచ్ఛ అని నాలుగుగా చెప్పాడు. ఆవు, తెలుపు, నడిచేది, ఒకరికి పెట్టుకున్న పేరు. పరవస్తు చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో మహత్తు (పురుషులను చెప్పే మాటలు), అమహత్తు (మిగిలినవి) అన్నాడు. ఈ మహత్తు, అమహత్తు భేదం తెలుగు నోట్లో ప్రతిరోజూ పలుకుతుంది. ఇద్దరు అన్నలు, రెండు రాళ్ళు. ముగ్గురు పిల్లలు, మూడు కోరికలు. రాయినీ కోరికనూ తెలుగు ఒకే సంఖ్యతో లెక్కపెడుతుంది, మనిషి వచ్చేసరికి సంఖ్యే మారిపోతుంది. అంటే తెలుగు మొదట అడిగేది 'ముట్టుకోగలమా?' అని కాదు, 'మనుషులా, కాదా?' అని. ఏకవచనంలో స్త్రీని వస్తువుతో కలిపి 'వచ్చింది' అనడం, బహువచనంలో మళ్ళీ మనుషులతో కలిపి 'వచ్చారు' అనడం ఎందుకో ఎనిమిదో తరగతి ఆడపిల్లలు తప్పకుండా అడుగుతారు. దానికి ఇంకో లేఖ రాయాలి.

మరి వస్తువుల పేర్లకు తెలుగులో ప్రత్యేకమైన నడక ఏదీ లేదా? ఉంది. అది ఔపవిభక్తికాల్లో, అంటే విభక్తి చేరే ముందు మాట చివర వచ్చే టి, తి వంటి వర్ణాల్లో ఉంది. ఆ పేరు వినగానే పిల్లలు భయపడతారు కాబట్టి నేను పేరు చివర చెబుతాను. ముందు మాటలు చెప్పిస్తాను.

ఇల్లు, ఇంటి కప్పు. కన్ను, కంటి రెప్ప. నోరు, నోటి పూత. గోరు, గోటి గాయం. ఏరు, ఏటి గట్టు. నాగలి, నాగటి చాలు. రాయి, రాతి గోడ. చెయ్యి, చేతి గాజు. నెయ్యి, నేతి గిన్నె. నుయ్యి, నూతి గిలక. గొయ్యి, గోతిలో నీళ్ళు. రోలు, రోటి పచ్చడి.

ఇక్కడికి వచ్చేసరికి ఆ పిల్లవాడు తల పైకెత్తి చూశాడు. 'రోట్లో తలదూర్చి రోకటి పోటుకు వెరవనేల' అనే సామెతను బోర్డు మీద రాశాను. రోలు రోట్లో అయింది, రోకలి రోకటి అయింది. సామెత వాడు ముందే విన్నాడు, దానిలో రెండు వస్తువులు ఉన్నాయని ఆ రోజే తెలిసింది. బడిలో మధ్యాహ్న భోజనం వండే షెడ్డు వెనుక పాత రోలు ఒకటి బోర్లించి ఉంటుంది. పిల్లలందరం వెళ్ళి దాన్ని తిరగేశాం. నలుగురు పట్టుకుంటే గాని కదలలేదు. లోపల గుంట అరిగి నున్నగా ఉంది. వాడు ఆ గుంటలో అరచెయ్యి పెట్టి తిప్పి చూశాడు. పంచేంద్రియాలతో గ్రహించడమంటే అదీ.

ఈ టి, తి వర్ణాలు పట్టేవి ఏ మాటలో గమనించండి. ఒంటిలోని అవయవాలు, ఇల్లూ వాకిలీ, బావి, పొలంలో పనిముట్టు, వంటింట్లో రాయి. కొత్తగా వచ్చిన వస్తువులకు ఈ వంపు లేదు. ఏరు ఏటి అవుతుంది గాని కారు కాటి కాదు. బస్సు బస్సుగానే ఉంటుంది. 'పన్ను' అనే మాటను చూపించినప్పుడు తరగతిలో కలిగే ఆశ్చర్యాన్ని మీరు స్వయంగా చూడాలి. నోట్లో ఉండే పన్ను నొప్పి పెడితే పంటి నొప్పి. ప్రభుత్వానికి కట్టే పన్నుకు రసీదు ఇస్తే పన్ను రసీదు, పంటి రసీదు కాదు. నోట్లోవి పళ్ళు, కట్టేవి పన్నులు. రూపం ఒకటే అయిన రెండు మాటల్లో ఏది చేతికి తగులుతుందో, ఏది లెక్కల్లో ఉంటుందో తెలుగు విభక్తి దగ్గర విడదీసి చూపించింది. ఇంతకంటే అందమైన ఉదాహరణ మూర్తనామాల పాఠానికి ఎక్కడ దొరుకుతుంది?

ఇది సూత్రం అని నేను అనడం లేదు. చెట్టు, మంచం, పలక లాంటి వస్తువులు వేలకు వేలు టి, తి లేకుండానే ఉన్నాయి. అటువైపు 'ఆకలి' ఉంది. ఆకలిని ఎవరూ చేత్తో పట్టుకోలేరు, అయినా పద్యాల్లో అది ఆకటి అవుతుంది. కౌగిలి కౌగిట అవుతుంది. పగలు పగటి కల అవుతుంది. మరి ఆకలి మూర్తమా, అమూర్తమా? ఈ ప్రశ్న ఏడో తరగతికి వేశాను. కడుపులో మండుతుంది కాబట్టి మూర్తం అన్నారు కొందరు. కనబడదు కాబట్టి కాదు అన్నారు కొందరు. పొద్దున ఏమీ తినకుండా బడికి వచ్చే పిల్లవాడు ఒకడు లేచి, "అది ఎక్కడ ఉంటుందో నాకు తెలుసు సార్" అని ఊరుకున్నాడు. ఆ రోజు నేను ఏ జవాబూ బోర్డు మీద రాయలేదు.

సంఖ్య దగ్గర ఇంకో చిక్కు ఉంది. లెక్కపెట్టగలిగిన వాటికి 'ఎన్ని', లెక్కపెట్టలేని వాటికి 'ఎంత' అని అభ్యాస పుస్తకాలు రాస్తున్నాయి. ఇది ఇంగ్లీషు సూత్రానికి తెలుగు చొక్కా తొడగడమే. వంటింట్లో నిలబడి వినండి. 'ఎన్ని నీళ్ళు పోయాలి?', 'ఎన్ని పాలు కావాలి?', 'ఎంత నెయ్యి వేయాలి?', 'ఎంత ఇసుక పట్టింది?' నీళ్ళను ఎవరూ లెక్కపెట్టలేరు, అయినా 'ఎన్ని' అంటాం. తెలుగులో నీళ్ళు, పాలు నిత్యబహువచనాలు కాబట్టి. పాలు పొంగాయి, నీళ్ళు మరిగాయి, నెయ్యి కరిగింది. వాటిని 'ఎన్ని' అంటాం కదా అని 'మూడు నీళ్ళు' అనం, మూడు బిందెల నీళ్ళు అంటాం. ఈ తేడా అయిదేళ్ళ పిల్లకు కూడా తప్పు లేకుండా వచ్చు. బడికి వచ్చాక పుస్తకంలోని సూత్రం చదివి, 'ఎన్ని నీళ్ళు' అనడం తప్పేమో అని సందేహంలో పడుతోంది. ఇంట్లో సరిగ్గా నేర్చుకున్న భాషను బడి తప్పని చెప్పకూడదు.

వరిని తీసుకోండి. చేలో ఉంటే పైరు, కోసి నూర్చితే వడ్లు, పొట్టు తీస్తే బియ్యం, ఉడికితే అన్నం. విరిగినవి నూకలు, పైన పోయేది ఊక, మెత్తగా రాలేది తవుడు, మిగిలింది గడ్డి. 'వడ్లు ఎండాయి' అంటాం, 'అన్నం ఉడికింది' అంటాం. బియ్యం రూపంలో ఏకవచనంలా ఉన్నా చాలా ఇళ్ళలో 'బియ్యం అయిపోయాయి' అనే అంటారు. ఒక్క గింజ మీద నామవాచకాల పాఠం మొత్తం చెప్పవచ్చు: ద్రవ్యం, జాతి, వచనం, క్రియతో పొందిక, అన్నీ. నేను గుప్పెడు వడ్లు కాగితంలో పొట్లం కట్టి తీసుకెళ్ళి, ఒక్కో బల్ల మీద పది గింజలు పోస్తాను. పిల్లలు గోటితో ఒలిచి బియ్యపు గింజ బయటికి తీస్తారు. గోటితో అనే మాట అప్పుడు వాళ్ళంతట వాళ్ళే అంటారు, నేను అనిపించనక్కరలేదు.

గుప్పెడు అన్నాను కదా, ఆ 'ఎడు' గురించి చెప్పకపోతే ఈ లేఖ రాసి ఫలితం లేదు. చిటికెడు పసుపు, దోసెడు మల్లెలు, చెంబెడు నీళ్ళు, సోలెడు బియ్యం, బుట్టెడు మామిడికాయలు, బండెడు గడ్డి. పాత్ర పేరుకు చిన్న తోక తగిలించి దాన్ని కొలతగా మార్చుకునే శక్తి తెలుగుకు ఉంది. పైన చెప్పిన టి, తి వర్ణాలు కొత్తవాటిని దగ్గరికి రానివ్వవు గాని, ఇది మాత్రం అందరికీ తలుపు తీస్తుంది. గ్లాసు వచ్చింది, గ్లాసెడు అయింది.

ఇదే తోక పట్టుకుని అమూర్తాలు కూడా వస్తాయి. గంపెడు ఆశ గంపెడాశ అయింది. పుట్టి అంటే ఇరవై తూముల ధాన్యపు కొలత. ఆ పుట్టిలోంచే పుట్టెడు దుఃఖం వచ్చింది. పాత లెక్కల్లో పదహారో వంతు వీసం. ఆ వీసంలోంచి 'వీసమెత్తు అబద్ధం లేదు' అనే మాట వచ్చింది. ఆవగింజంత అనుమానం, కొండంత అండ. తెలుగువాళ్ళు కంటికి కనబడని దాని గురించి మాట్లాడవలసి వచ్చినప్పుడల్లా ఇంట్లోంచి ఒక పాత్ర తెచ్చి దానిలో పోసి చూపించారు. పుట్టి అంటే ఏమిటో తెలియని పిల్లకు పుట్టెడు దుఃఖం ఎంత దుఃఖమో ఎలా తెలుస్తుంది? మూర్తాలు ఒక పేజీలో, అమూర్తాలు ఎదురు పేజీలో అచ్చు వేసి మధ్యన గీత గీయడం వల్ల ఈ రాకపోకలు పిల్లలకు కనబడకుండా పోతున్నాయి. మంచితనం, పెద్దరికం, కలిమి, లేమి అని తనం, రికం, మి చేర్చి అమూర్తాలు తయారుచేయడం మన పుస్తకాలు బాగానే చెబుతున్నాయి, దానితో నాకు పేచీ లేదు.

మాట ఒకటే అయినా వాక్యాన్ని బట్టి కూడా మారుతుంది. 'గుండె వేగంగా కొట్టుకుంటోంది' అన్నప్పటి గుండె వేరు, 'ఆ పని చేయడానికి గుండె కావాలి' అన్నప్పటి గుండె వేరు. 'నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది' అనే సామెతలో నోరు ఏమిటి, ఊరు ఏమిటి? ఇళ్ళూ వీధులా, అందులో ఉండే మనుషులా? విడి మాటల జాబితా ఇచ్చి గీతలు కలపమనడం కంటే ఇలాంటి రెండు వాక్యాలు ఇచ్చి తేడా చెప్పమనడం ఎంతో మేలు.

ఇంకో సంగతి మీరు తప్పక ఆలోచించాలి. కోపం, ప్రేమ, భయం, ధైర్యం ఏ జిల్లాకు వెళ్ళినా అవే మాటలు. వస్తువు పేరు అలా కాదు, ప్రాంతం మారితే మారుతుంది. ఒక చోట ఉల్లిపాయ, ఒక చోట ఉల్లిగడ్డ, ఇంకో చోట ఎర్రగడ్డ. వేరుశనగలు, పల్లీలు, బుడ్డలు, శనక్కాయలు. సొరకాయ, ఆనపకాయ. చిలగడదుంప, గెనుసుగడ్డ. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తిగారి ఆధ్వర్యంలో 1962లో వచ్చిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం నిండా వ్యవసాయ పదాలే, 1971లో వచ్చిన రెండో సంపుటం నిండా చేనేత పదాలే. ఒక్క నాగలి భాగాలకే ఎక్కడెక్కడ ఏమేమి పేర్లు ఉన్నాయో ఆ సంపుటం విప్పితే తెలుస్తుంది. పుస్తకంలో ఒకే పేరు అచ్చు వేసి మిగిలినవి తప్పు అనిపించేలా చేయకండి. ఉదాహరణ పక్కన ఖాళీ ఉంచి 'మీ ఊళ్ళో దీన్ని ఏమంటారు?' అని అడగండి. ఆ ఖాళీని పిల్లలు ఇంటికి తీసుకెళ్ళి నాయనమ్మను, అమ్మమ్మను అడిగి నింపుకొస్తారు. మా బడిలో ఇలా నింపుకొచ్చిన కాగితాల్లో నాకు తెలియని మాటలు ఎన్నో వచ్చాయి. వలస వచ్చిన కుటుంబాల పిల్లలు తమ మాట కూడా బోర్డు మీదికి ఎక్కిందని ఎంత సంతోషించారో నేను చూశాను.

నేను కోరుతున్నవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. మూర్తనామాన్ని ఆరో రకంగా కాక అడ్డగీతగా చూపండి. బల్ల, కుర్చీ, పెన్ను ఉన్నచోట రోలు, చేట, నాగలి, ఏరు, పన్ను పెట్టండి. వాటి వెంట రోటి, చేటెడు, నాగటి, ఏటి, పంటి వాటంతటవే వస్తాయి. 'ఎన్ని, ఎంత' సూత్రాన్ని ఇళ్ళలో పలికే తెలుగుతో సరిచూసి తిరగరాయండి. గాలి, నీడ, వెన్నెల, ఆకలి, కల వంటి మాటలు పరీక్షలో ఇవ్వదలిస్తే కారణం రాయడానికి రెండు వరసలు వదలండి, మార్కు ఆ కారణానికి వేయమని దిద్దేవారికి రాతపూర్వకంగా చెప్పండి. తూర్పారబట్టడం చూసిన అమ్మాయికి ఆ రెండు వరసలు ఉంటే చాలు.

కొత్త పుస్తకాల పని ఎప్పుడు మొదలుపెట్టినా, ముసాయిదా పాఠాన్ని ఒక్క పీరియడ్ పాటు మా తరగతిలో చెప్పి చూడమని మిమ్మల్ని ఆహ్వానిస్తున్నాను. వడ్లు నేను తెస్తాను. రోలు షెడ్డు వెనుకే ఉంది, ఇప్పుడు బోర్లించి లేదు. దసరా సెలవుల ముందు ఆరో తరగతి పిల్లలే దాన్ని కడిగి నిలబెట్టారు. వంట చేసే అమ్మగారు వారానికి ఒకసారి అందులో గోంగూర నూరుతున్నారు.

ఇట్లు,
ఒక తెలుగు ఉపాధ్యాయుడు